బెతెల్‌లో బతుకు ఖర్చు: డీజిల్ లెక్క, చేపల లెక్క

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఖాళీలున్నాయి.

నర్సింగ్, ఫార్మసీ, టీచింగ్ చదివి అమెరికా వెళ్ళాలనుకునే మన పిల్లలు ఈమధ్య నన్ను అలాస్కా గురించి అడుగుతున్నారు. "జీతం ఎక్కువటగా, స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదటగా, పైగా ఏటా ప్రభుత్వమే ఎదురు డబ్బులిస్తుందటగా?" అని. మూడూ నిజమే. కానీ ఆ మూడూ విని అలాస్కా చవక అనుకుంటే పొరపాటు. యాంకరేజ్ లాంటి నగరం సంగతి వేరు. నేను ఇవాళ మాట్లాడేది రోడ్డు లేని పశ్చిమ అలాస్కా గురించి. అక్కడి బెతెల్‌లో నేను కొంతకాలం ఉద్యోగం చేశాను. ఊరి పేరు బైబిల్లోదే. 1885లో మొరావియన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీలు వచ్చి పెట్టిన పేరు.

ముందు భూగోళం. అమెరికా 1867లో రష్యా దగ్గర 72 లక్షల డాలర్లకు కొన్న భూమి అలాస్కా. విస్తీర్ణం మన దేశంలో సగానికి పైనే. జనం మాత్రం 2020 లెక్కల ప్రకారం 7 లక్షల 33 వేలు. అందులో కుస్కోక్విమ్, యూకాన్ అనే రెండు పెద్ద నదులు సముద్రంలో కలిసే డెల్టా ప్రాంతానికి బెతెల్ కేంద్రం. యాంకరేజ్‌కి పడమరగా దాదాపు 640 కిలోమీటర్లు. జనాభా 6,325. చుట్టూ యాభైకి పైగా పల్లెలు, ఎక్కువ మంది యూపిక్ అనే ఆదివాసీ ప్రజలు. ఊళ్ళో రోడ్లున్నాయి, కార్లున్నాయి, టాక్సీలైతే బోలెడు. ఊరు దాటితే రోడ్డు లేదు. యాంకరేజ్ వెళ్ళాలంటే విమానం. పక్క పల్లెకి వెళ్ళాలంటే ఎండాకాలం పడవ, చలికాలం స్నోమెషీన్ అనే మంచు మీద నడిచే బండి, ఏ కాలంలోనైనా చిన్న విమానం. చిన్న విమానం ఎక్కేముందు కౌంటర్ దగ్గర సంచితో పాటు మన బరువూ అడుగుతారు. సిగ్గుపడకుండా నిజం చెప్పాలి.

చలి ముదిరాక కుస్కోక్విమ్ నదే రోడ్డవుతుంది. గడ్డ కట్టిన నది మీద మంచు తొలగించి దారి చేస్తారు, దాని మీద కార్లు, ట్రక్కులు నడుస్తాయి. మంచు గట్టిగా పట్టిన ఏడాది ఆ దారి 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. అసలు ఇబ్బంది నది గడ్డ కట్టే వారాల్లో, మళ్ళీ కరిగే వారాల్లో. పడవా తిరగదు, స్నోమెషీనూ తిరగదు. అక్కడివాళ్ళు ఆ రోజుల్ని ఫ్రీజప్ అని, బ్రేకప్ అని అంటారు. అన్ని పనులూ వాటికి ముందో తర్వాతో పెట్టుకుంటారు.

ఇప్పుడు ధరలకొస్తాను. మొదట డీజిల్ గురించి చెప్పాలి. అది తెలిస్తే పాల ధర తనంతట తానే అర్థమవుతుంది.

ఆ పల్లెలకు పెద్ద గ్రిడ్ లేదు. ఊరికొక పవర్‌హౌస్, అందులో డీజిల్ జనరేటర్లు. యాభైకి పైగా ఊళ్ళకు కరెంటిచ్చే అలాస్కా విలేజ్ ఎలక్ట్రిక్ కోఆపరేటివ్ 1968లో మొదలైంది. కొన్నిచోట్ల గాలిమరలు పెట్టారు గానీ భారమంతా ఇప్పటికీ డీజిల్ మీదే. ఇళ్ళను వెచ్చబెట్టేదీ ఇంధన నూనే. పడవకు, స్నోమెషీన్‌కు పెట్రోలు. ఇదంతా నదుల్లో మంచు లేని కొద్ది నెలల్లో బార్జ్‌లనే చదును అడుగు సరుకు పడవల మీద వచ్చి ఊరి ట్యాంకుల్లో నిండాలి. బార్జ్ వచ్చిన రోజు ధర ఎంతుంటే చలికాలమంతా దాదాపు అదే ధర. ప్రపంచ మార్కెట్లో తర్వాత రేటు పడిపోయినా ఆ ఊరివాళ్ళకు ఒరిగేదేమీ లేదు, కొన్నది కొన్నట్టే ట్యాంకులో ఉంటుంది.

బార్జ్ రాకపోతే? 2011 శరదృతువులో ఒక పెద్ద తుఫాను వల్ల నోమ్ పట్టణానికి ఆఖరి బార్జ్ అందలేదు. సముద్రం గడ్డ కట్టేసింది. 2012 జనవరిలో రెండా అనే రష్యన్ ట్యాంకర్ 13 లక్షల గాలన్ల ఇంధనంతో బయల్దేరితే, అమెరికా కోస్ట్‌గార్డ్ ఐస్‌బ్రేకర్ హీలీ ముందు నడుస్తూ దాదాపు 480 కిలోమీటర్ల మంచును చీల్చుకుంటూ దాన్ని తీసుకొచ్చింది. నోమ్ ఆ ప్రాంతంలో పెద్ద ఊరు కాబట్టి అంత పట్టించుకున్నారు. చిన్న పల్లెకి ఐస్‌బ్రేకర్ రాదు, విమానంలో డ్రమ్ములొస్తాయి. ఆర్కిటిక్ వృత్తానికి పైన నోటాక్ అని ఒక ఊరుంది. నది మేట వేసి బార్జ్ పోలేని స్థితి వచ్చింది కాబట్టి అక్కడికి ఇంధనమంతా ఆకాశంలోనే వెళ్ళాలి. 2022లో అమెరికా సగటు పెట్రోలు ధర గాలన్‌కు 5 డాలర్లు తాకిందని దేశమంతా గగ్గోలు పెట్టింది. ఆ ఏడాది నోటాక్‌లో అది 15 డాలర్లు దాటింది. గాలనంటే మూడు లీటర్ల ఎనిమిది వందల మిల్లీలీటర్లు.

ఇదే రాష్ట్రం ఉత్తర కొసన భూమిలోంచి ముడిచమురు వస్తుంది. 1977 నుంచి దాదాపు 1,300 కిలోమీటర్ల పైపులైన్లో వాల్డీజ్ రేవుకు పారుతోంది. రాష్ట్ర ఖజానా నిండింది దానివల్లే. అందులో చుక్క కూడా నేరుగా ఈ పల్లెల జనరేటర్లకు చేరదు. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదా అంటే, చేసింది. 1980లలో పవర్ కాస్ట్ ఈక్వలైజేషన్ అనే పథకం పెట్టారు. పల్లెల్లో కరెంటు యూనిట్ అసలు ఖర్చు చాలాచోట్ల అర డాలరు, ఆపైన. నగరాల రేటుకీ దానికీ ఉన్న తేడాలో ఎక్కువ భాగం ఇళ్ళకు ఈ పథకం భరిస్తుంది. మొదట్లో ఉన్న 750 యూనిట్ల నెల పరిమితిని మధ్యలో 500కు కోసి, 2022లో మళ్ళీ 750 చేశారు. మంచి పథకం, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కానీ అందులో ఒక మెలిక ఉంది. ఇళ్ళకు వర్తిస్తుంది, నీళ్ళ ప్లాంటు లాంటి ఊరుమ్మడి సదుపాయాలకు కొంత మేర వర్తిస్తుంది. కిరాణా కొట్టుకు వర్తించదు, బడికీ వర్తించదు. కొట్టువాడు ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు రాత్రింబవళ్ళు పూర్తి రేటుకు నడపాలి. ఆ బిల్లు ఎవరు కడతారు? పాల డబ్బా కొన్నవాళ్ళు. కరెంటు బిల్లులో తగ్గినదాంట్లో కొంత కొట్టు బిల్లులో తిరిగి పోతుంది.

ఇక పాల డబ్బా అక్కడికెలా వస్తుందో చూడండి. అమెరికా పోస్టల్ శాఖ 1970ల నుంచి బైపాస్ మెయిల్ అనే ఏర్పాటు నడుపుతోంది. అలాస్కాలో తప్ప ఎక్కడా లేదు. యాంకరేజ్‌లోనో ఫెయిర్‌బ్యాంక్స్‌లోనో హోల్‌సేల్ వ్యాపారి కనీసం వెయ్యి పౌండ్ల సరుకు ప్యాలెట్ మీద పేర్చి, పోస్టాఫీసుకి వెళ్ళకుండానే నేరుగా విమాన కంపెనీకి అప్పగిస్తాడు. చెల్లించేది పోస్టల్ రేటు, విమాన కంపెనీకి పోస్టల్ శాఖ ఇచ్చేది అంతకంటే చాలా ఎక్కువ. నష్టం పోస్టల్ శాఖది. ఈ నష్టం ఎందుకు భరించాలని వాషింగ్టన్లో అప్పుడప్పుడు ఎవరో ఒకరు అడుగుతుంటారు. ఆ ఏర్పాటు తీసేస్తే ఆ పల్లెల కొట్లు మూసుకోవడమే అని నా అభిప్రాయం. అదున్నా కూడా బెతెల్‌లో మామూలు కిరాణా సరుకు యాంకరేజ్ ధరకు దాదాపు రెట్టింపు పడుతుంది. బెతెల్ నుంచి మరో చిన్న విమానం ఎక్కి పల్లెకి చేరేసరికి ఇంకా పెరుగుతుంది.

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ వాతావరణం. పొగమంచో గాలో పట్టి నాలుగు రోజులు విమానాలు ఆగితే కూరగాయల అర ఖాళీ. అరటిపళ్ళు వచ్చాయంటే ఊరంతా తెలిసిపోతుంది. గెలలో సగం నల్లబడి ఉన్నా వాటిని ఆప్యాయంగా ఏరుకునే అవ్వల్ని చూశాను. 2020 ఏప్రిల్లో, కోవిడ్ మొదట్లో, రాష్ట్రంలో పల్లెలకు అతి ఎక్కువ సర్వీసులు నడిపే రావ్న్ విమాన సంస్థ ఒక్కసారిగా అన్నీ ఆపేసి దివాలా ప్రకటించింది. మనకు ఎయిర్‌లైన్ మూతపడితే టికెట్ డబ్బులు పోతాయి. అక్కడ మందులు, ఉత్తరాలు, ఉప్పూ పప్పూ, రోగి ప్రయాణం, అన్నీ దాని మీదే. మిగతా చిన్న కంపెనీలు పరిగెత్తుకొచ్చి ఆదుకున్నాయి కాబట్టి సరిపోయింది.

నీళ్ళ సంగతి. బెతెల్‌లో చాలా ఇళ్ళకు కుళాయి లైను లేదు. ట్యాంకర్ వచ్చి ఇంటి ట్యాంకులో నీళ్ళు నింపి పోతుంది. మురుగుకు వేరే ట్యాంకు, దాన్ని లాగెయ్యడానికి వేరే బండి. రెండింటికీ డబ్బే. మురుగు ట్యాంకు నిండితే నీళ్ళున్నా వాడుకోలేం. అక్కడ ఇల్లు అద్దెకు చూసేవాడు ముందు అడిగేది ట్యాంకు ఎంత పెద్దది, బండి వారానికి ఎన్నిసార్లు వస్తుంది అని. నేను ఉన్న ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్ళు పారబొయ్యడానికి కూడా చెయ్యాడేది కాదు.

ఇది బెతెల్ వైభోగం. ముప్పైకి పైగా అలాస్కా పల్లెల్లో ఇళ్ళకు కుళాయీ లేదు, మురుగు కాల్వా లేదు. ఊరి మధ్యలో వాషెటేరియా అని ఒక భవనం ఉంటుంది. బట్టలుతుక్కోవడం, స్నానం అక్కడే, డబ్బు కట్టి. తాగే నీళ్ళు బకెట్లలో మోసుకోవాలి. మరుగుదొడ్డంటే సంచి తొడిగిన ప్లాస్టిక్ బకెట్. హనీ బకెట్ అంటారు దాన్ని. నీటి సదుపాయం తక్కువున్న ఊళ్ళలో పసిపిల్లలు ఊపిరితిత్తుల జబ్బులతో, చర్మవ్యాధులతో ఆసుపత్రి పాలవడం ఎక్కువని పరిశోధనల్లో తేలింది. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లెక్కపెట్టుకునే ఇంట్లో అంతకన్నా ఏమవుతుంది? పైపులెందుకు వెయ్యరంటే, నేల లోపల ఏడాది పొడుగునా గడ్డ కట్టి ఉంటుంది. పైపును పాతిపెడితే నీళ్ళు గడ్డ కడతాయి, వేడి చేస్తే నేల కరిగి కుంగుతుంది. అందుకని నేలపైన, మందంగా చుట్టి, నీళ్ళు ఆగకుండా తిప్పుతూ, వేడి చేస్తూ నడపాలి. మళ్ళీ డీజిలే. 2021 మౌలిక వసతుల చట్టంలో దేశంలోని ఆదివాసీ ప్రాంతాల నీటికి, పారిశుధ్యానికి 350 కోట్ల డాలర్లు కేటాయించారు. ఇన్నేళ్ళకు పెద్ద మొత్తం వచ్చింది. కట్టాక ప్రతి నెలా నడిపే ఖర్చు మాత్రం ఆ చిన్న ఊరే మొయ్యాలి.

ఇంతవరకూ విన్నాక మీలో కొందరికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. అమెరికాలోనే చాలామంది అడుగుతారు: "అంత కష్టమైతే నగరానికి పోవచ్చు కదా?"

ఈ ప్రశ్న అడిగేవాళ్ళకు చరిత్ర తెలియదు. యూపిక్ ప్రజలు వేల ఏళ్ళు ఒకేచోట పాతుకుని బతకలేదు. వసంతంలో ఒక మకాం, ఎండాకాలం చేపల మకాం, చలికాలం గ్రామం, ఇలా కాలాన్ని బట్టి ఆహారం ఎక్కడుంటే అక్కడికి కదిలేవారు. వాళ్ళను ఒకచోట కుదురుగా కూర్చోబెట్టింది మిషన్లు, ప్రభుత్వ బడులు. బడి ఎక్కడ కట్టారో ఊరు అక్కడ గట్టిపడింది. బార్జ్ దించడానికి అనువైన చోటు చూసి కట్టారే గానీ వరద వస్తుందా, ఒడ్డు కోసుకుపోతుందా అని అక్కడి పెద్దల్ని అడిగి కట్టలేదు చాలాచోట్ల. హైస్కూలు మాత్రం పల్లెల్లో లేదు. పద్నాలుగేళ్ళ పిల్లల్ని ఇంటికి దూరంగా సిట్కాకో, ఏకంగా ఓరెగన్ రాష్ట్రానికో పంపేసేవారు. 1972లో ఎమ్మొనాక్ ఊరి విద్యార్థిని మాలీ హూచ్ పేరుతో రాష్ట్రం మీద కేసు వేశారు. 1976 ఒప్పందంతో 126 పల్లెలకు హైస్కూలు హక్కు వచ్చింది. స్థిర నివాసం ప్రభుత్వం కోరిన జీవితం. దానికి కావలసిన డీజిల్ ఖర్చు మాత్రం వాళ్ళ తప్పులా మాట్లాడటం న్యాయం కాదు.

ప్రభుత్వం ఏటా ఎదురిచ్చే డబ్బు గురించి మొదట్లో అన్నాను కదా, ఇప్పుడు ఆ సంగతి. చమురు ఆదాయంలో కొంత దాచడానికి 1976లో పర్మనెంట్ ఫండ్ పెట్టారు. 1982లో మొదటిసారి మనిషికి వెయ్యి డాలర్లు పంచారు. పసిపిల్లలకు కూడా వస్తుంది. 2022లో 3,284 డాలర్లు, 2024లో 1,702, 2025లో 1,000. ఆరుగురున్న పల్లె కుటుంబానికి ఒక ఏడాది 19,704 డాలర్లు, మూడేళ్ళ తర్వాత 6,000. యాంకరేజ్‌లో రెండు జీతాలొచ్చే ఇంటికి ఇది సెలవుల ఖర్చు. పల్లెలో ఆ డబ్బుతోనే పడవ ఇంజన్ కొంటారు, స్నోమెషీన్ బాగుచేయిస్తారు, ఇంధన నూనె బాకీ తీరుస్తారు.

పడవ ఇంజన్ అన్నాను కదా, అది విలాసం అనుకోకండి. నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఇదే. పల్లెల్లో జీతాలొచ్చే ఉద్యోగాలు కొద్ది. బడి, క్లినిక్, పోస్టాఫీసు, కొట్టు, గిరిజన మండలి, అంతే. కొట్టు ధరలకు ఆ జీతాలతో ఎవరూ బతకలేరు. బతికిస్తున్నది నది. సాల్మన్ చేపలు, దుప్పి జాతి మూస్ మాంసం, తీరంలో సీల్, టండ్రా అనే చెట్లు లేని చలి మైదానంలో ఏరే బెర్రీలు. అలాస్కా పల్లెవాసులు ఏడాదికి మనిషికి వంద కిలోలకు పైగా ఇలా సొంతంగా తెచ్చుకుంటారు. జూన్లో చేపల మకాంకు వెళ్తే ఇంటిల్లిపాదికీ పనే. మగవాళ్ళు, కుర్రాళ్ళు వల లాగుతారు. అమ్మమ్మలు ఊలూవాక్ అనే అర్ధచంద్రాకారపు కత్తితో చేపను వెన్ను దగ్గర చీల్చి, తోక దగ్గర మాత్రం వదిలి, రెండు పలకలుగా దండెం మీద వేస్తారు. చర్మం తెగకుండా మాంసానికి గాట్లు పెడతారు, గాలి ఆడాలని. ఆరాక పొగ గదిలోకి. కుర్రాడి మొదటి వేటను ఇంట్లో ఉంచుకోరు, పంచిపెడతారు, పెద్దవాళ్ళకు ముందు. నేను కొనని చేప నా ఫ్రీజర్లో ఎప్పుడూ ఉండేది.

అయితే నదికి వెళ్ళాలంటే పెట్రోలు కావాలి. డబ్బు, వేట రెండూ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్నాయి. పెట్రోలు పెరిగితే చేప కూడా ఖరీదవుతుంది. ఈ సంగతి అమెరికా చట్టం ఒక్కచోట చక్కగా గుర్తించింది. పేదల తిండికి ప్రభుత్వమిచ్చే సాయం, అంటే ఫుడ్ స్టాంపులతో దేశంలో ఎక్కడైనా ఆహారమే కొనాలి. అలాస్కా మారుమూల పల్లెల్లో మాత్రం వలలు, గాలాలు, కత్తులు కూడా కొనుక్కోవచ్చు. తుపాకీ, తూటాలు కుదరవు. ఫుడ్ స్టాంపుల మొత్తం కూడా ఊరి దూరాన్ని బట్టి అలాస్కాలో మూడు రకాలుగా ఉంటుంది. కానీ పేదరికపు గీత అలా లేదు. మిగతా అమెరికా మీద పాతిక శాతం కలిపి రాష్ట్రమంతటికీ ఒకే గీత గీశారు. యాంకరేజ్‌కీ అదే, నోటాక్‌కీ అదే. దీన్ని మార్చాలని నేను గట్టిగా అంటాను.

ఇప్పుడు ఆ నదే మొండిచెయ్యి చూపిస్తోంది. యూకాన్‌లో కింగ్ సాల్మన్ ఏళ్ళుగా తగ్గుతూ వచ్చింది. 2021లో చమ్ అనే మరో రకం సాల్మన్ కూడా సరిగా రాలేదు, చేపల వేట మూసేశారు. అలాస్కాలోనే ఉన్న బ్రిస్టల్ బే అనే అఖాతం నుంచి దానంగా వచ్చిన చేపల్ని విమానాల్లో తెచ్చి యూకాన్ ఊళ్ళలో పంచారు. చేపల నది ఒడ్డున పుట్టినవాళ్ళు పెట్టెలో వచ్చిన చేప కోసం వరసలో నిలబడ్డారు. 2024లో అలాస్కా, కెనడా కలిసి యూకాన్ కింగ్ సాల్మన్ వేటను ఏడేళ్ళు ఆపాలని ఒప్పుకున్నాయి. వేడెక్కుతున్న సముద్రం కారణమని కొందరు, బేరింగ్ సముద్రంలో పెద్ద ట్రాలర్ ఓడలు పోలక్ అనే చేప కోసం వేసే వలల్లో పడి పోతున్నాయని కొందరు. రెండింటి గురించీ వాదన నడుస్తోంది. ఏడేళ్ళంటే అప్పటికి ఎనిమిదేళ్ళున్న పిల్ల పదిహేనేళ్ళది అవుతుంది. చేప కొయ్యడం ఆ వయసులోనే నేర్పాలి.

ఉద్యోగానికి వెళ్దామనుకునేవాళ్ళకు రెండు ముక్కలు. ఇల్లు ఇస్తారా, ఇంటిని వెచ్చబెట్టే నూనె ఖర్చు ఎవరిది, నీళ్ళు పైపా ట్యాంకరా, ఏడాదికి ఎన్ని టికెట్లు ఇస్తారు, ఇవి అడగకుండా జీతం అంకె చూసి సంతకం పెట్టొద్దు. పప్పులు, కారం, చింతపండు యాంకరేజ్ నుంచో, దిగువనున్న మిగతా అమెరికా రాష్ట్రాల నుంచో పోస్టులో తెప్పించుకోవచ్చు, కొట్టులో దొరకవు. బెతెల్‌లో కొత్త ఆసుపత్రి ఉంది. పల్లెల్లో 1968 నుంచీ ఊరివాళ్ళకే శిక్షణ ఇచ్చి హెల్త్ ఎయిడ్‌లుగా పెట్టారు, అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది వాళ్ళే. నిండు నెలలు దగ్గరపడిన గర్భిణులు ముందే బెతెల్ వచ్చి కాన్పు దాకా అక్కడే వసతి గృహంలో ఉంటారు. పెద్ద పిల్లల్ని ఊళ్ళో వదిలి వారాల తరబడి ఉండాలి. అది ఏ ధరల పట్టికలోనూ కనబడని ఖర్చు. అక్కడికి వెళ్ళే నర్సు ఆ తల్లులతో రెండు నిమిషాలు ఎక్కువ మాట్లాడాలని నా కోరిక.

చివరగా 2025 అక్టోబరు. హాలాంగ్ అనే తైఫూన్ శేషం ఆ తీరం మీద పడింది. కిప్‌నుక్, క్విగిల్లింగోక్ అనే రెండు ఊళ్ళలో ఇళ్ళు పునాదుల మీంచి లేచి, లోపల మనుషులుండగానే నీళ్ళలో కొట్టుకుపోయాయి. వెయ్యి మందికి పైగా జనాన్ని విమానాల్లో తరలించారు, చాలామందిని యాంకరేజ్‌కే. అక్కడ కుళాయి తిప్పితే వేడినీళ్ళు, పక్క వీధిలో సగం ధరకు పాలు. ధరల పట్టిక ప్రకారం చూస్తే వాళ్ళ జీవితం ఒక్క రాత్రిలో బాగుపడ్డట్టే. వాళ్ళలో చాలామంది అడిగింది ఎప్పుడు తిరిగి వెళ్ళొచ్చనే. పోయినవాటిల్లో ఇళ్ళతో పాటు చలికాలానికి నింపుకున్న ఫ్రీజర్లున్నాయి. మూస్, సీల్, చేప, బెర్రీలు, ఒక వేసవి మొత్తం కుటుంబం చేసిన పని. దానికి కొట్టులోని గొడ్డుమాంసం రేటు కట్టాలా, ఖర్చయిన పెట్రోలు రేటు కట్టాలా, నాకు జవాబు దొరకలేదు. ఊరిని ఎత్తైన చోటికి మార్చాలన్నా అది ఏళ్ళ పని. న్యూటాక్ ఊరివాళ్ళు కోతకు గురైన తీరం వదిలి మెర్టార్విక్‌కు మారాలని 1990లలోనే తీర్మానించుకున్నారు. మొదటి కుటుంబాలు కొత్త ఇళ్ళలోకి చేరింది 2019లో.

నా సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను. వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయితో మొదలుపెడదాం.